అడ్డం నాలుగు, నిలువు మూడు

సంపాదకులుగారు నన్ను రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో వ్రాయమని అడిగారు. అవి ఎలాగూ మనలను వదిలేవి కావు గనుక వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. ఈ నెల మటుకు మన ఇళ్ళలో ముందుగదిలో గోడకు వేలాడుతున్న టెలివిజను గురించి వ్రాయదలచుకున్నాను. గత ఏడాదిగా భోజనానికి పిలిచిన దాదాపు ప్రతి ఇంట్లోనూ పాత తెలుగు సినిమా ఒకటి పెడుతున్నారు. సంతోషమే. కాని దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆ సినిమాలో మనుషులు పొట్టిగా, లావుగా, బుగ్గలు ఉబ్బి కనబడుతున్నారు. అదేమిటండీ అంటే, "పాత సినిమా గదా డాక్టరుగారూ, అలాగే ఉంటుంది" అంటున్నారు.

పాత సినిమా అలా ఉండదు. 1957లో మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టిన "మాయాబజార్"లో ఎవరి కొలతలు వారికి సరిగ్గా ఉన్నాయి. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడికి దేవుడిచ్చిన వెడల్పే చాలినంత ఉన్నది. దానికి మనం రిమోటుతో ఇంకో మూడోవంతు కలపనక్కరలేదు.

విషయం చాలా చిన్నది. బొమ్మ ఎంత పెద్దది అన్నది ఒక సంగతి. దాని అడ్డానికీ నిలువుకూ ఉన్న నిష్పత్తి ఎంత అన్నది వేరే సంగతి. ఇంగ్లీషులో యాస్పెక్ట్ రేషియో అంటారు. పాత సినిమాల బొమ్మ అడ్డం నాలుగు పాళ్ళయితే నిలువు మూడు పాళ్ళు. మన గోడ మీది టీవీ అడ్డం పదహారు, నిలువు తొమ్మిది. మొదటిది చిన్న మంచానికి కుట్టిన దుప్పటి, రెండోది పొడుగాటి మంచం. ఆ దుప్పటితో ఈ మంచాన్ని మొత్తం కప్పాలంటే మూడే దారులు. దుప్పటిని రెండు వైపులా పట్టుకొని సాగలాగాలి. లేదా అదే ఆకారంతో పెద్దది చేసి, పైనా కిందా మిగిలిపోయినది కత్తిరించాలి. లేదా మంచం రెండు కొసల్లో కొంచెం ఖాళీ వదిలి హాయిగా పడుకోవాలి. నాలుగో దారి ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

సాగలాగితే ప్రతి మనిషీ సరిగ్గా మూడోవంతు వెడల్పవుతాడు, గుండ్రటి బొట్టు కోడిగుడ్డవుతుంది. కత్తిరిస్తే బొమ్మ ఎత్తులో నాలుగోవంతు పోతుంది. పైన కిరీటాలు, కింద పాదాలు. మాయాబజార్‌లో కిరీటాలు తీసేస్తే ఎవరు ఎవరో చెప్పడం కష్టం. ఇక మూడోదారిలో రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. ఒక్కొక్కటి తెరలో ఎనిమిదోవంతు.

ఈ నల్లపట్టీలంటే మనవాళ్ళకు ఎందుకో చెడ్డ కోపం. "అరవై అయిదు అంగుళాల టీవీకి డబ్బు పోసింది పక్కన నల్లగా చూడడానికా?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశారు. వృత్తికి ఇంజనీరు. ఆయనకు లెక్కలోనే సమాధానం చెప్పాను. టీవీ అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు గదా. 65 అంగుళాల టీవీ ఎత్తు ఇంచుమించు 32 అంగుళాలు. అందులో పట్టీలు వదిలి వేసిన పాత సినిమా బొమ్మ మూలకు మూల 53 అంగుళాలు వస్తుంది. మన చిన్నప్పుడు వీధి వీధంతా వచ్చి కూర్చుని చూసిన టీవీ 21 అంగుళాలు. దానికి రెండున్నర రెట్ల బొమ్మ దొరుకుతున్నా తక్కువయిందంటే, తక్కువయింది బొమ్మ కాదు. ఆయన నవ్వి ఊరుకున్నారు. పట్టీలు పెట్టుకున్నదీ లేనిదీ తెలియదు.

ఇంతకూ ఈ నాలుగు-మూడు ఎక్కడిది? ఎడిసన్‌గారి ప్రయోగశాలలో విలియం డిక్సన్ అనే ఆయన 1890ల మొదట్లో 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక్కొక్క బొమ్మకు నాలుగేసి రంధ్రాల చొప్పున కేటాయించాడు. బొమ్మ వెడల్పు అంగుళం, ఎత్తు ముప్పావు అంగుళం వచ్చింది. లోకమంతా దానికే అలవాటు పడింది. మాటల సినిమా వచ్చి ఫిల్ము అంచున శబ్దానికి చోటివ్వవలసి వచ్చాక, 1932లో హాలీవుడ్ అకాడమీవారు 1.37కు 1 అని ఖాయం చేశారు. మన కంటికి రెండూ ఒకటే. తరువాత టెలివిజను వచ్చి అదే ఆకారాన్ని తీసుకున్నది. జనం ఇంట్లోనే కూర్చుని బొమ్మ చూడడం మొదలుపెట్టేసరికి సినిమావాళ్ళకు భయం పట్టుకున్నది. ఇంట్లో దొరకని ఆకారం ఇస్తే తప్ప టిక్కెట్లు తెగవనుకున్నారు. ఫ్రాన్సులో ఆన్రీ క్రెత్యాఁ అనే శాస్త్రజ్ఞుడు 1920లలోనే ఒక కటకం తయారుచేసి ఉన్నాడు. అది వెడల్పాటి దృశ్యాన్ని పక్కల నుంచి సగానికి నొక్కి మామూలు ఫిల్ము మీద పడేస్తుంది. హాల్లో ప్రొజెక్టరుకు పెట్టిన మరో కటకం దాన్ని మళ్ళీ విప్పుతుంది. దానితోనే 1953లో సినిమాస్కోప్ పుట్టింది, "ది రోబ్" దాని మొదటి చిత్రం. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు" అని మీలో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. కృష్ణగారే 1986లో "సింహాసనం" తీసి 70 ఎం.ఎం. కూడా తెచ్చారు.

స్కోపు బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. ఈ సినిమా పాత నాలుగు-మూడు టీవీలో తెరంతా నిండేట్టు వేయాలంటే వెడల్పులో నూటికి నలభైమూడు పాళ్ళు కోసి పారెయ్యాలి. క్యాసెట్ల కాలంలో చేసింది అదే. మన్యం కొండలు ఎడమ పక్కన, పోలీసు బలగం కుడి పక్కన నిలబడి ఉంటే మధ్యనున్న చెట్టు మాత్రం మనకు దక్కేది. కొన్ని క్యాసెట్లలో పేర్లు పడేటప్పుడు మటుకు కొయ్యకుండా, నొక్కిన ఫిల్మును విప్పకుండానే చూపేవారు. అందుకే అక్షరాలూ మనుషులూ కొబ్బరిచెట్ల మాదిరి సన్నగా పొడుగ్గా నిలబడి ఉండేవి. ఆ సన్నదనం, ఇప్పటి లావుదనం రెండూ ఒకే రోగానికి రెండు లక్షణాలు.

పదహారు-తొమ్మిది ఎలా వచ్చిందో కూడా చెప్పి ఈ చరిత్ర ముగిస్తాను, ఎందుకంటే నాకు ఇది చాలా నచ్చిన కథ. 1980లలో కొత్త టెలివిజనుకు ఏ ఆకారం పెట్టాలని తర్జనభర్జన జరుగుతున్నప్పుడు కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు అప్పటికి వాడుకలో ఉన్న సినిమా ఆకారాలన్నిటినీ ఒకే వైశాల్యం ఉండేట్టు దీర్ఘచతురస్రాలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి కేంద్రాలు కలిసేట్టు పెట్టి చూశాడు. అన్నిటినీ ఇముడ్చుకునే బయటి చట్రం, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి చట్రం, రెండూ ఒకే నిష్పత్తిలో తేలాయి: 1.77. అదే పదహారు బై తొమ్మిది. అంటే ఈ టీవీ ఎవరికీ సరిపోయే కొలత కాదు. అందరికీ సమానంగా సరిపోని కొలత. నల్లపట్టీలు దాని పుట్టుకలోనే ఉన్నాయి. స్కోపు సినిమాకు పైనా కిందా, పాత సినిమాకు పక్కలా.

సినిమాల సంగతి అటుంచండి. అవి ఎక్కడో ఒక చోట సరైన రూపంలో దొరుకుతాయి. నాకు దిగులల్లా మన ఇళ్ళలోని పెళ్ళి వీడియోల గురించి.

మా అమ్మానాన్నల పెళ్ళి 1986లో జరిగింది. వీహెచ్ఎస్ టేపు. అందులో మా అమ్మమ్మ మొత్తం మీద మూడు నాలుగు నిమిషాలు కనబడుతుంది. నాకు ఊహ తెలియకముందే ఆమె పోయింది. ఆమె కదలడం, నడవడం, ఎవరినో కేకవెయ్యడం నాకు తెలిసినదంతా ఆ నాలుగు నిమిషాలే. మూడేళ్ళ కిందట మావాళ్ళు ఆ టేపును మా ఊళ్ళో ఒక స్టూడియోవారికిచ్చి కంప్యూటరు ఫైలు చేయించి పంపారు. స్టూడియోవారు ఎంతో ప్రేమగా, అడక్కుండానే, దాన్ని "ఫుల్ స్క్రీన్" చేసి ఇచ్చారు. అప్పుడు మా అమ్మ ఇక్కడ మా ఇంట్లోనే ఉన్నది. టీవీలో పెట్టాను. పందిరి వచ్చింది, సన్నాయి వచ్చింది, అమ్మమ్మ వచ్చింది. అమ్మ కళ్ళజోడు సవరించుకొని, "ఇది మా అమ్మ కాదురా, మా అమ్మ ఇంత మనిషి కాదు" అన్నది. పిల్లలు అప్పటికే "తాతమ్మ బొద్దుగా భలే ఉంది" అనేశారు.

నేను ఆ రాత్రి ఫైలు వెడల్పును నాలుగింట మూడువంతులకు తగ్గించాను. పది నిమిషాల పని. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అమ్మ చూసింది. ఏమీ అనలేదు. మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టమన్నది. అలా నాలుగైదుసార్లు.

అయితే అప్పగింతల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. అక్కడ ఆ స్టూడియోవారు సాగదీయలేదు, కత్తిరించారు. పైన నాలుగో వంతు పోయింది. అమ్మమ్మ కూతురి చేతిని పాలపళ్ళెంలో ముంచుతున్నది, చేతులు కనబడుతున్నాయి, ముఖం లేదు. దీనికి ఏ కంప్యూటరూ మందు వెయ్యలేదు. సాగదీసినదాన్ని ఎప్పుడైనా వెనక్కి నొక్కవచ్చు, కోసినది తిరిగి అతకదు. అదృష్టవశాత్తు మా పెద్దమామయ్య బీరువాలో అసలు టేపు అలాగే ఉన్నది. "ఫైలు చేశాం గదా, ఇంకెందుకు" అని పారవేయలేదు. రెండోసారి వేరేచోట చేయించాము. ముఖం దొరికింది.

కనుక నేను మీకు చేసే మనవి ఒకటే: అసలు టేపు పారవేయకండి. ఫైలును మొదటి నుంచి చివరిదాకా చూసేవరకైనా, నా మాట వింటే ఆ తరువాత కూడా. టేపు చిరకాలం ఉండదన్నది నిజమే. మన కోస్తా తేమకు బూజు పడుతుంది. ఆడించే యంత్రాలు కూడా కరవైపోతున్నాయి. ప్రపంచంలో ఆఖరుగా వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన జపాను కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో తయారీ ఆపేసింది. పైగా ఇండియా టేపు పాల్ పద్ధతి, 625 గీతలు. అమెరికా వీసీఆర్ ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు. ఇక్కడ గరాజ్ సేల్‌లో కొన్న యంత్రంలో మన పెళ్ళిటేపు పెడితే గీతలు దొర్లడం తప్ప పెళ్ళి కనబడదు. రెండు పద్ధతులూ చదివే మల్టీసిస్టం యంత్రం ఉన్నవారి చేతనే చేయించాలి. ఇవ్వబోయేముందు ఒక్కమాట స్పష్టంగా చెప్పండి: "నాలుగు-మూడులోనే ఉంచండి, పక్కల నల్లగా ఉన్నా ఫరవాలేదు." చెప్పకపోతే వారు మనకు మేలు చేస్తున్నామనుకొనే చేస్తారు.

తప్పు జరిగే చోటు ఇంకొకటి ఉన్నది, కంప్యూటరు పని చేసే మిత్రుల కోసం చెబుతున్నాను. పాల్ టేపును డిజిటల్ చేస్తే సాధారణంగా అడ్డం 720, నిలువు 576 చుక్కలు వస్తాయి. ఎన్‌టీఎస్‌సీ అయితే 720, 480. భాగించి చూడండి, ఒకటి 1.25, ఇంకోటి 1.5. రెండూ నాలుగు-మూడు కాదు. ఎందుకంటే ఆ చుక్కలు చతురస్రాలు కావు. "నన్ను నాలుగు-మూడుగా చూపించు" అని ఒక చిన్న చీటీ ఫైలులో ఉంటుంది. డీవీడీలోనూ ఇదే ఏర్పాటు. వాట్సాప్‌లోనో, ఎడిటింగులోనో ఆ చీటీ జారిపోతే బొమ్మ సన్నబడుతుంది లేదా లావెక్కుతుంది. ఫైలు చెడిపోలేదు, చీటీ పోయిందంతే. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరులో ఇంగ్లీషు మొదటి అక్షరం మీట నొక్కుతూ పోతే నిష్పత్తులు ఒకటొకటిగా మారుతాయి. సరైనది వచ్చినప్పుడు మీ అమ్మగారే చెబుతారు.

అమ్మగారు దగ్గర లేకపోతే గుండ్రటి వస్తువు కోసం వెతకండి. ఎదురుగా తీసిన గోడగడియారం మంచిది. నుదుటి బొట్టు మంచిది. పళ్ళాలూ బిందెమూతులూ పనికిరావు, వాలుగా చూస్తే అవి ఎలాగూ కోలగానే ఉంటాయి. వెనుకటి రోజుల్లో ప్రసారం మొదలయ్యే ముందు టీవీలో పరీక్షబొమ్మ వేసేవారు గదా, దాని నడుమ పెద్ద వృత్తం ఉండేది అందుకే. మెకానిక్కు దాన్ని చూసే సెట్టు సరిచేసేవాడు.

ఫోటోల విషయం త్వరగా చెబుతాను. ఫోను నాలుగు-మూడు ఫోటో తీస్తుంది. కొట్టులో నాలుగు-ఆరు అంగుళాల కాగితం మీద అచ్చు వేయిస్తే ఎత్తులో తొమ్మిదోవంతు పోతుంది. అందుకే గుంపు ఫోటో తీసేటప్పుడు తలల పైన జాగా వదలాలి. పాత 35 ఎం.ఎం. నెగెటివు మూడు-రెండు, దాన్ని ఎనిమిది-పది అంగుళాలకు పెద్దది చేస్తే వెడల్పులో ఆరోవంతు పోతుంది, అనగా చివర నిలబడిన బాబాయి పోతాడు. నాన్నగారి కాలపు అగ్ఫా క్లిక్ త్రీ ఫోటోలు చతురస్రాలు. వాటిని దేనిలోనూ ఇరికించకండి, చతురస్రపు చట్రమే కొనండి. మన సంఘం కార్యక్రమాలకు పెద్దవాళ్ళ ఫోటోలు స్లైడ్ షో చేసే పిల్లలకు చిన్న మాట: మూల పట్టుకొని లాగితే ఆకారం చెడదు, పక్క పట్టుకొని లాగితే చెడుతుంది. పాస్‌పోర్టు ఫోటోల దగ్గరా ఇదే తంటా. ఇండియాలో తీయించిన 35 బై 45 మిల్లీమీటర్ల ఫోటోను ఇక్కడి రెండంగుళాల చతురస్రంలోకి సాగలాగితే ముఖం పావువంతుకు పైగా వెడల్పవుతుంది. తిరగగొట్టరా మరి? కొత్త ఫోటో తీయించుకోవడమే సుఖం.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. అర్ధరాత్రి, అపరాత్రి అనకుండా మీరంతా నాకు ఇండియా నుంచి వచ్చిన స్కానులు, ఈసీజీలు ఫోనులో పంపుతూ ఉంటారు. పంపండి, నాకు కష్టమేమీ లేదు. కాని అందంగా ఉండాలని అంచులు కత్తిరించి పంపుతున్నారు. డాక్టరుకు కావలసినది ఆ అంచులే.

ఛాతీ ఎక్స్‌రే కొంత సాగినా నేను ఏదో చెప్పగలను. గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటిందా అని చూస్తాము, రెండూ అడ్డపు కొలతలే గనుక రెండూ సమానంగా సాగుతాయి. ఈసీజీ కాగితానికి తన కొలబద్ద తన మీదనే ఉన్నది. చిన్నగడి ఒక మిల్లీమీటరు, అడ్డంగా 0.04 సెకను, నిలువుగా 0.1 మిల్లీవోల్టు. గళ్ళు చతురస్రంగా లేకపోతే ఎవరో లాగారని తెలిసిపోతుంది, గళ్ళు లెక్కపెట్టి చదువుకోవచ్చు. అప్పుడు కూడా లేచే గీత వాలు మారి కన్ను మోసపోతుంది. గళ్ళు కనబడనంతగా మసకపరచి పంపితే అదీ లేదు.

కంఠంలోని థైరాయిడ్ గడ్డ అల్ట్రాసౌండు వేరు. అడ్డకోతలో గడ్డ వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉన్నదా అన్నది మేము ప్రత్యేకంగా చూసే గుర్తు. ఎక్కువగా ఉంటే అనుమానం పెరుగుతుంది. అమెరికన్ రేడియాలజీ కళాశాలవారు 2017లో ప్రకటించిన పద్ధతిలో ఆ ఒక్క గుర్తుకే మూడు మార్కులు. ఇప్పుడు లెక్క చూడండి. ఎత్తు 12 మిల్లీమీటర్లు, వెడల్పు 10 ఉన్న గడ్డ బొమ్మను తెరకు సరిపోవాలని మూడోవంతు సాగదీస్తే వెడల్పు 13 దాటుతుంది. నిలువుగడ్డ అడ్డుగడ్డ అయిపోయింది. ఘటోత్కచుడు లావెక్కితే నవ్వుకోవచ్చు, ఇక్కడ నవ్వుకోవడానికి లేదు. బొమ్మ పక్కన సెంటీమీటర్ల గీతలు ఉంటాయి, కుడి ఎడమల గుర్తు ఉంటుంది, అవన్నీ కనబడేట్టు, ఫోను వాలకుండా నేరుగా పట్టి తీయమనండి. రేడియాలజిస్టు వ్రాసిన కాగితం కూడా పంపమనండి, కొలతలు అందులో ఉంటాయి. అన్నిటికన్నా మంచిది, ఆస్పత్రివారిని అడిగి సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో డైకామ్ ఫైళ్ళు తీసుకోవడం. వాటిలో ఒక్కొక్క చుక్క అసలు కొలత కూడా వ్రాసి ఉంటుంది. అడిగితే ఇస్తారు, అడగడానికే మనకు మొహమాటం.

ఈ వేసవిలో ఊరు వెళ్ళేవారు బీరువాల పై అరలు ఒకసారి చూడండి. టేపు దొరికితే అక్కడే ఎవరికో హడావిడిగా ఇచ్చి రాకండి, వెంట తెచ్చుకోండి. విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రం వల్ల అయస్కాంతపు టేపుకు ఏమీ కాదు. కడగని ఫిల్ము చుట్ట దొరికితే మాత్రం దాన్ని చేతిసంచిలో పెట్టుకొని, యంత్రంలో వేయకుండా చేత్తో తనిఖీ చేయమని అడగండి. టేపులు కూడా చేతిసంచిలోనే తెచ్చుకోండి. పెట్టెలో ఆవకాయ సీసాల పక్కన వద్దు.